తాతగారి పెట్టెలో నీటిపక్షుల బొమ్మలు: చేతిరంగేనా, అచ్చురంగా?

దేవరకొండ నుంచి ఒక టీచరమ్మ అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ మామగారి తండ్రి 1940ల్లో డిండి ప్రాజెక్టు కట్టేటప్పుడు అక్కడ గుమాస్తాగా పనిచేశారు. ఆయన ట్రంకుపెట్టెలో దస్తావేజుల కింద ఆరు నీటిపక్షుల బొమ్మలు దొరికాయి. రెండు అరచేయంత చిన్నవి, రెండు నోటుబుక్కు సైజువి, ఒకటి క్యాలెండరంత ఫ్లెమింగో, ఇంకొకటి మందపాటి కాగితం మీద ఎర్రకాళ్ల కొంగ. కాగితాలు పసుపెక్కాయి, గోధుమరంగు చుక్కలు పడ్డాయి, కొంగ బొమ్మలో తెలుపు అక్కడక్కడా నల్లబడింది. ఫొటోలు పంపి మూడు సంగతులు అడిగారు. ఇవి నిజంగా చేత్తో రంగులద్దిన పాతకాలపు బొమ్మలేనా? ఎంత చేస్తాయి? లామినేషన్ చేయిస్తే వందేళ్ళు ఉంటాయని ఊళ్ళో ఫ్రేముల షాపతను అంటున్నాడు, చేయించమంటారా?

మూడోదానికి ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే అది రేపే జరిగిపోవచ్చు. వద్దమ్మా. ఎవరు చెప్పినా వద్దు. లామినేషన్ మిషన్ వేడికి ప్లాస్టిక్ మీది జిగురు కరిగి కాగితం పోగుల్లోకి దిగుతుంది. మళ్ళీ తీయాలంటే రంగు కూడా ప్లాస్టిక్‌తోపాటే ఊడి వస్తుంది. కాగితంలో ఉన్న చెమ్మ, బూజు లోపలే బందీ అయిపోతాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే పని పెట్టుకోకండి. ఆ ఆరూ ఇప్పటికి ఎలా ఉన్నాయో అలాగే, ఒకదానికొకటి తగలకుండా మధ్యలో శుభ్రమైన తెల్ల కాగితం పెట్టి, బల్లపరుపుగా ఉంచండి. చుట్టి రబ్బరుబ్యాండ్ వేయకండి.

నేను మహబూబ్‌నగర్‌లో పటాలు కడతాను. దేవుడి పటాలు, పెళ్ళి ఫొటోలు, సన్మానపత్రాలు నా రోజువారీ పని. పాత కాగితాల మరమ్మతు హైదరాబాద్‌లో ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను. వనపర్తి, గద్వాల, కొల్లాపూర్ వైపు పాత ఇళ్ళు ఖాళీ చేస్తున్నప్పుడు ఇలాంటివి నా దగ్గరికి వస్తుంటాయి. వచ్చినవాళ్ళందరూ ముందు ధర అడుగుతారు. కానీ ధరైనా, జాగ్రత్తలైనా, ఆ బొమ్మ చెప్పే పక్షి సంగతులైనా, అన్నీ ఒక్కదాని మీదే ఆధారపడి ఉంటాయి. రంగు ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు, దేని మీద వేశారు? మీ ఆరు బొమ్మలకూ ఈ ప్రశ్నకు నాలుగు వేర్వేరు జవాబులు వస్తున్నాయి. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

చిన్నవి రెండూ చూద్దాం. ఒకటి నారాయణపక్షి, రెండోది సూదితోక బాతు. ఫొటో పెద్దది చేస్తే కింద సన్నటి అక్షరాల్లో లిజార్స్ పేరు కనిపిస్తోంది. పక్షికి మాత్రమే రంగుంది, వెనకాల గడ్డి, నీళ్ళు, కొండ అంతా నలుపు గీతల్లోనే వదిలేశారు. ఈ రెండు గుర్తులూ కలిస్తే ఇక పెద్దగా అనుమానం ఉండదు. స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో 1833 నుంచి 1843 దాకా 40 సంపుటాలుగా వచ్చిన నేచురలిస్ట్స్ లైబ్రరీ అనే ప్రకృతిశాస్త్ర పుస్తకాల వరసలోని పుటలు ఇవి. సంపాదకుడు విలియం జార్డిన్, బొమ్మలు చెక్కి అచ్చువేసినవాడు ఆయన బావమరిది విలియం లిజార్స్. సంపుటం ఆరు షిల్లింగులు. అప్పట్లో పక్షుల పుస్తకాలంటే జమీందారులు కొనేవి. ఇది మాత్రం బడిపంతులు కూడా కొనగలిగిన పుస్తకం. రాగి రేకు మీద చెక్కితే కొన్ని వందల కాపీలకే గీత అరిగిపోతుంది. అందుకని ఉక్కు రేకు మీద చెక్కారు. వేల కాపీలు తీసినా గీత చెదరదు. కానీ రంగు మాత్రం ప్రతి కాపీకీ చేత్తోనే వేయాలి. వెనకాల దృశ్యం రంగు లేకుండా వదిలేసింది ఆ కూలి ఖర్చు తగ్గించుకోవడానికే.

రంగు వేసే పని ఎలా జరిగేదో తెలిస్తే మీ బొమ్మను చూసే తీరే మారుతుంది. చిత్రకారుడు ఒక్క కాపీకి తానే రంగులు వేసి ఇస్తాడు. దాన్ని నమూనాగా బల్ల మీద నిలబెడతారు. చుట్టూ కూర్చున్న పనివాళ్ళు, వాళ్ళలో ఆడవాళ్ళు, పిల్లలు చాలామంది, దాన్ని చూస్తూ వేస్తారు. ఒకరు బూడిదరంగు మాత్రమే వేసి పక్కకు జరుపుతారు, తర్వాతివారు ముక్కుకు పసుపు, ఇంకొకరు కంటికి చుక్క. ఎవరి పేరూ ఎక్కడా ఉండదు. ఇంగ్లండ్‌లో పెద్ద పెద్ద పక్షుల పుస్తకాలు వేసిన జాన్ గూల్డ్ తన బ్రిటిష్ పక్షుల పుస్తకం ముందుమాటలో, ఆ ఒక్క పుస్తకానికే దాదాపు 2,80,000 బొమ్మలకు ఆకాశం దగ్గర్నుంచి ఈక దాకా చేత్తోనే రంగు వేయించానని రాసుకున్నాడు. ఆ లెక్క చదివినప్పుడల్లా నాకు గూల్డ్ కంటే ఆ బల్లల దగ్గర వంగి కూర్చున్నవాళ్ళే గుర్తొస్తారు.

వాళ్ళకూ కోపం వచ్చేది. అమెరికా పక్షుల మహాగ్రంథానికి పూనుకున్న ఆడుబాన్ మొదటి పది బొమ్మలను చెక్కించింది ఈ లిజార్స్ దగ్గరే. 1827లో లిజార్స్ షాపులో రంగులవాళ్ళు సమ్మె చేశారు. పని ఆగిపోయింది. ఆడుబాన్ ఆ పనంతా లండన్‌లో బొమ్మలు చెక్కే హావెల్‌కు అప్పజెప్పాడు, 1838లో 435 బొమ్మలతో అది పూర్తయింది. మీ ట్రంకుపెట్టెలో అదే లిజార్స్ షాపు పనీ ఉంది, ఆడుబాన్ ఫ్లెమింగో కూడా ఉంది. పెట్టె సర్దిన గుమాస్తాగారికి ఈ సంగతి తెలిసే అవకాశం లేదు, కానీ బాగానే కలిసొచ్చింది.

ఇక చేతిరంగును ఎలా గుర్తుపట్టాలి? గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే భూతద్దం ఒకటి కొనండి, పది రెట్లు పెద్దగా చూపేది చాలు. పగటి వెలుతురులో, కిటికీ పక్కన, నారాయణపక్షి మెడ దగ్గర మొదలుపెట్టండి. చేత్తో వేసిన నీటిరంగు ఆగిన చోట అంచు కొంచెం ముదురుగా ఉంటుంది, వాకిట్లో చల్లిన కళ్ళాపి ఆరినప్పుడు చుట్టూ గీత మిగిలినట్టు. రంగు నల్లగీతను దాటి ఒక వెంట్రుకవాసి బయటికి పోయి ఉంటుంది, లేదా గీతదాకా రాకుండానే ఆగిపోయి ఉంటుంది. రంగు కింద నుంచి చెక్కిన గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. కాగితాన్ని పక్కకు వంచి చూస్తే కన్ను, ముదురు ఈకలు తళుక్కుమంటాయి. అక్కడ తుమ్మజిగురు కలిపి పూశారన్నమాట. వెనక్కి తిప్పి వేలితో మెల్లగా తడిమితే, అంచులు మరీ దగ్గరికి కత్తిరించకపోతే, రేకు నొక్కిన గాడి తగులుతుంది.

అయితే చేతిరంగు అయినంత మాత్రాన పాతరంగు కానక్కర్లేదు. తెలుపు నలుపుల్లో మిగిలిపోయిన పాత అచ్చులకు ఇరవయ్యో శతాబ్దంలో వ్యాపారులు రంగులు వేయించి అమ్మారు. అలాంటివాటిలో రంగు మరీ తాజాగా, మరీ సమంగా ఉంటుంది. గోధుమరంగు చుక్క పైనుంచి రంగు పోయి ఉంటుంది. అంటే చుక్క ముందు వచ్చింది, రంగు తర్వాత వచ్చింది. మీ సూదితోక బాతు ఫొటోలో చుక్కలు రంగును తినేస్తూ పైకి వచ్చాయి, అది మంచి గుర్తు. బాతు రొమ్ము తెలుపు కూడా చూడండి, అక్కడ రంగే లేదు, కాగితాన్నే వదిలేశారు. అనుభవం ఉన్న చెయ్యి చేసే పని అది.

నోటుబుక్కు సైజువి రెండు, ఈలబాతు, కాటన్ టీల్ అనే చిన్న బాతు. ఈ రెండింటినే మీరు బాగున్నాయని రాశారు. నిజానికి ఇవి చేతిరంగు కావు. హ్యూమ్, మార్షల్ ఇద్దరూ కలిసి 1879 నుంచి 1881 దాకా కలకత్తాలో మూడు సంపుటాలుగా వేసిన వేటపక్షుల పుస్తకంలోవి ఇవి. ఈ హ్యూమ్ కాంగ్రెస్ పార్టీ పుట్టుకలో ఉన్న హ్యూమే, ఆయన అసలు ప్రాణం పక్షులు. ఇందులో రంగులన్నీ రాతిమీద నుంచి అచ్చువేసినవే. ఒక్కో రంగుకు ఒక్కో రాయి, అన్నీ ఒకే కాగితం మీద ఒకదాని తర్వాత ఒకటి పడాలి. దీన్నే క్రోమోలితోగ్రాఫు అంటారు.

భూతద్దం కింద తేడా ఇట్టే తెలిసిపోతుంది. ఈలబాతు కన్ను చూడండి. దాని కంటి చుట్టూ సన్నటి పసుపు వలయం ఉంటుంది, మన చెరువుల్లో దగ్గరగా చూసినవాళ్ళకు తెలుసు. మీ బొమ్మలో ఆ పసుపు కంటి మీద సరిగ్గా కూర్చోలేదు, ఒక పక్కకు జారింది. అంటే పసుపు రాయి ఒక నూలుపోగంత తప్పి పడింది. చేత్తో వేసేవాళ్ళు ఇలా తప్పరు, వాళ్ళ తప్పులు వేరే రకం. ఒంటి మీద గోధుమరంగు కూడా కుంచెతో లాగినట్టు ఉండదు, సుద్దముక్కతో గరుకు గోడమీద రాసిన చుక్కల్లాంటి పొడి ఉంటుంది. కాటన్ టీల్ మగదాని వీపు మీద మెరిసే ఆకుపచ్చ ఉండాలి. అచ్చులో అది చప్పబడి బురదపచ్చ అయింది.

ఈ బొమ్మల విషయంలో హ్యూమే సంతోషపడలేదు. కొందరు చిత్రకారులు అజాగ్రత్తగా వేశారని, కొందరు అందం కోసం నిజాన్ని పక్కనపెట్టారని, నష్టపోయి కొన్నింటిని తీసేసినా కొన్నింటిని తప్పక ఉంచాల్సి వచ్చిందని ముందుమాటలోనే ఒప్పుకున్నాడు. పుస్తకం వేసినవాడే ఇలా రాయడం అరుదు. అందుకే ఈ బొమ్మల రంగును పట్టుకుని చెరువుకట్ట మీద పక్షిని గుర్తుపట్టాలని చూడకండి. పుస్తకంలో రాసిన వాక్యం నమ్మండి, రంగు నమ్మకండి. ఇంకో సంగతి, వేటగాళ్ళ పుస్తకం కాబట్టి ఇందులో బాతులన్నీ మాంసం లెక్కన కూడా కనిపిస్తాయి. ఏది రుచి, ఏది నీచువాసన అని కూడా రాసి ఉంటుంది. మీ పిల్లలకు చూపించేటప్పుడు ఇబ్బందిగా ఉంటే ఉండవచ్చు.

క్యాలెండరు సైజు ఫ్లెమింగో గురించి ఎక్కువ రాయడం అనవసరం. ఆడుబాన్ పుస్తకంలో 431వ బొమ్మ అది, అమెరికా ఫ్లెమింగో. హావెల్ అచ్చువేసిన అసలు కాగితం దాదాపు 39 అంగుళాల పొడవు, 26 అంగుళాల వెడల్పు. మీది అందులో సగం కూడా లేదు. తర్వాత ఆడుబానే వేయించిన చిన్న ప్రతి ఒకటుంది, అది మళ్ళీ మీదానికంటే చాలా చిన్నది. భూతద్దం పెడితే గులాబీరంగు మొత్తం ఎరుపు, పసుపు, నీలం, నలుపు చుక్కలు పువ్వుల్లా గుమిగూడి కనిపిస్తాయి. అది ఆఫ్‌సెట్ అచ్చు, అంటే ఈకాలపు మిషన్ అచ్చు. పెట్టెలో తర్వాతెప్పుడో ఎవరో వేసి ఉంటారు. గోడకు తగిలించుకోండి, చక్కగా ఉంటుంది.

ఆరోదాని దగ్గరికి వస్తే నేనే ఆగిపోయాను.

ఎర్రకాళ్ల కొంగ, పెయింటెడ్ స్టార్క్. ఈ బొమ్మ ఫొటోను ఎంత పెద్దది చేసినా రంగు కింద అచ్చుగీత కనిపించడం లేదు. అచ్చుగీత లేకపోతే అది అసలు అచ్చే కాదు. పెన్సిలుతో గీసి, నీటిరంగులతో, తెలుపు కలిపిన చిక్కటి రంగుతో వేసిన ఒకే ఒక్క బొమ్మ కావచ్చు. ఈస్టిండియా కంపెనీ కాలంలో ఇలాంటివి మన దేశపు చిత్రకారులు చాలా వేశారు. కలకత్తాలో 1777 నుంచి 1782 దాకా మేరీ ఇంపే అనే దొరసాని పట్నా నుంచి షేక్ జైనుద్దీన్, భవానీదాస్, రాందాస్ అనే ముగ్గురిని పిలిపించి, తన ఇంట్లో పెంచుకున్న పక్షులను, జంతువులను గీయించుకుంది. వాళ్ళ పేర్లు మిగిలాయి. ఇటువైపు పనిచేసినవాళ్ళ పేర్లు చాలావరకు మిగల్లేదు. సామర్లకోటలో రాక్స్‌బర్గ్ అనే కంపెనీ వృక్షశాస్త్రవేత్త గీయించిన మొక్కల బొమ్మల్లో 300 ఎంచి 1795 నుంచి 1820 దాకా లండన్‌లో అచ్చువేశారు. గీసినవాళ్ళెవరో ఆ పుస్తకం చెప్పదు. విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు 1796లో పాముల పుస్తకం తెచ్చాడు, అందులో పాములకు మన తెలుగు పేర్లు రాసుకున్నాడు. గీసిన చేతుల విషయంలో మాత్రం అదే పరిస్థితి. పక్షులకు వస్తే మద్రాసులో జెర్డన్ అనే కంపెనీ డాక్టరు 1843 నుంచి 1847 దాకా 50 బొమ్మలతో వేసిన పుస్తకంలో కూడా గీసింది ఎక్కువగా మనవాళ్ళే.

అందుకని మీది ఫలానా వారిదని నేను అనను. కానీ మీరు ఇంట్లోనే కొన్ని చూడొచ్చు.

మొదట, కాగితాన్ని కిటికీకి ఎదురుగా రెండు చేతులతో పట్టుకుని చూడండి. లోపల నీటిముద్ర, అంటే వెలుతురుకు పట్టినప్పుడే కనిపించే తయారీ గుర్తు, ఉండవచ్చు. వాట్‌మన్ అనే ఇంగ్లండ్ కాగితం తయారీదారు పేరు, పక్కన ఒక సంవత్సరం కనిపిస్తే పెద్ద సంగతే. కలకత్తాలో, మద్రాసులో ఆ కాగితమే ఎక్కువగా వాడేవాళ్ళు. సంవత్సరం ఉంటే బొమ్మ అంతకంటే పాతది మాత్రం కాదని తేలిపోతుంది. తర్వాత నోట్లు చెక్ చేసే నీలం టార్చి, బ్యాంకుల్లో ఉంటుంది చూడండి, అది చీకటి గదిలో వెనకవైపు వేయండి. కాగితం తెల్లటి నీలంగా మెరిస్తే 1950 తర్వాతిది. ఆ మెరుపునిచ్చే రసాయనం అంతకుముందు కాగితాల్లో లేదు. రంగు ఉన్న వైపు మాత్రం టార్చి ఎక్కువసేపు వేయకండి.

తెలుపు నల్లబడడం మీకు బాధగా ఉంది, నాకు మాత్రం ఆశ కలిగిస్తోంది. పాతకాలంలో చిక్కటి తెలుపంటే సీసపు తెలుపే. పొగలో, మురుగులో ఉండే గంధకం తగిలితే అది నల్లగా మారుతుంది. జింకు తెలుపు, ఆ తర్వాత వచ్చిన టైటానియం తెలుపు ఇలా నల్లబడవు. కాబట్టి ఆ మచ్చలు వయసుకు సాక్ష్యం, మెడ కింద, రెక్క అంచున, కుంచె ఎక్కడెక్కడ తెలుపు పెట్టిందో అక్కడే మచ్చ ఉంది కదా, బూజైతే అలా కుదురుగా ఉండదు. దీన్ని మళ్ళీ తెల్లగా మార్చే పద్ధతి కన్జర్వేషన్ ల్యాబుల్లో ఉంది. యూట్యూబ్ చూసి హైడ్రోజన్ పెరాక్సైడ్ దూదితో అద్దేవాళ్ళున్నారు, ఆ పని చేయకండి. పక్కనున్న గులాబీరంగు కొట్టుకుపోతుంది.

ఇప్పుడు పక్షిని చూడండి. ఈ కొంగ బతికున్నప్పుడు మొహం మీద ఈకలు లేని చర్మం నారింజరంగులో ఉంటుంది, ముక్కు పసుపుగా ఉండి కొసన కొంచెం కిందికి వంగుతుంది, కాళ్ళు గులాబీ. రొమ్ముకు అడ్డంగా నలుపు తెలుపు పట్టీ, రెక్కల చివర తోక దగ్గర లేత గులాబీ ఈకలు. చచ్చిన పక్షి తోలు ఎండితే ఈకల రంగు నిలుస్తుంది కానీ మొహం, ముక్కు, కాళ్ళు రంగు పోయి గోధుమగా, మట్టిగా మారతాయి. లండన్‌లో పెట్టెలో వచ్చిన తోలును చూసి వేసినవాళ్ళు చాలామంది అక్కడే దొరికిపోయారు. మీ బొమ్మలో మొహం నారింజగానే ఉంది. అంతకంటే నాకు నచ్చింది కాళ్ళు. కింది భాగంలో తెల్లటి చారలు ఉన్నాయి. రంగు పోయిందని మీరనుకున్నారు. ఈ జాతి కొంగలు ఎండకు కాళ్ళు చల్లబరుచుకోవడానికి వాటిమీదే రెట్ట వేసుకుంటాయి, ఆరితే సున్నం పూసినట్టు ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు తగ్గిన చెరువు దగ్గర చూడండి. ఆ చార ఎవరో చెబితే వేసేది కాదు, ఎదురుగా నిలబడ్డ పక్షిని చూసి వేసేది. ఫొటోలో తేలింది సరిగ్గా అదే అయితే, ఈ బొమ్మ వేసినవాడు కొంగను ఎండలో చూశాడు.

ఈ కొంగ బొమ్మ మూలన ఉన్న రాత ఉర్దూలా ఉంది, చిత్రకారుడి సంతకమేమో అని కూడా రాశారు. తొందరపడొద్దు. నిజాం రాజ్యంలో 1880ల దాకా పారసీ, ఆ తర్వాత ఉర్దూ ఆఫీసు భాష. గుమాస్తాగారే జాబితా నంబరు రాసుకుని ఉండవచ్చు. అది సిరానా పెన్సిలా, రంగు కింద ఉందా రంగు మీద ఉందా, ముందు అది చూడాలి.

ఈ బొమ్మలన్నీ ఎందుకంత ముఖ్యమంటే, చాలా నీటిపక్షులకు శాస్త్రంలో పేరు వచ్చిందే బొమ్మ వల్ల. ఇదే ఎర్రకాళ్ల కొంగకు 1769లో పెనెంట్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త పేరు పెట్టింది సిలోన్‌లో డచ్చి గవర్నరుగా ఉన్న లోటెన్ గీయించి తెచ్చిన బొమ్మల ఆధారంగా. మన చెరువుల్లో నత్తలు తినే నత్తగుల్ల కొంగకు 1783లో బొడార్ట్ అనే డచ్చి శాస్త్రవేత్త పేరు పెట్టింది, ఫ్రెంచి శాస్త్రవేత్త బుఫాన్ పుస్తకం కోసం పారిస్‌లో చేత్తో రంగులు వేసిన పుదుచ్చేరి పక్షి బొమ్మను చూసి. ఎవరో ఒక కూలి మనిషి ఆ ఉదయం బూడిదరంగు కాస్త ఎక్కువ కలిపితే, ఆ పక్షి వర్ణన అలాగే యూరప్ అంతా తిరిగింది.

ధర. లిజార్స్ చిన్నబొమ్మలు ప్రపంచమంతా విరివిగా దొరుకుతాయి. చుక్కలు పడ్డవి వేల రూపాయల్లోనే, అదీ తక్కువ వేలల్లోనే. హ్యూమ్ బాతులు కూడా అంతే, పుస్తకం పూర్తిగా ఉంటే వేరు. ఫ్లెమింగోకు ఫ్రేము ఖర్చే ఎక్కువ. ఆరోదానికి నేను ధర చెప్పను, చూడకుండా ధర చెప్పేవాళ్ళ దగ్గరికి మీరు వెళ్ళకండి. వాట్సాప్‌లో ఫొటో చూసి అడ్వాన్సు పంపిస్తానన్నవాళ్ళకైతే అసలు వద్దు. ఒక చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన చిత్రం పురావస్తువు కిందికి వస్తుంది. దాన్ని ప్రైవేటు మనుషులు విదేశాలకు పంపించి అమ్మడం కుదరదు, దేశంలో వ్యాపారం చేసేవాళ్ళకు కూడా లైసెన్సు ఉండాలి. అమెరికాలో ఉన్న మేనల్లుడితో ఈబేలో పెట్టిద్దామని రాశారు కదా, ఆ ఆలోచన మానుకోండి.

భద్రం చేసే పద్ధతి చెప్తాను. మన వైపు ఎండ ఒక శత్రువు, వానాకాలం గోడ చెమ్మ ఇంకో శత్రువు. నీటిరంగుల్లో ఎరుపులు, పసుపులు ఎండకు ముందు పోతాయి, ఆకుపచ్చగా ఉన్నది నీలంగా మిగులుతుంది. కిటికీ ఎదురు గోడకు, బాత్రూం గోడకు, బయటి గోడకు తగిలించకండి. ఫ్రేము కట్టిస్తే యాసిడ్ లేని మౌంటు బోర్డే (బొమ్మ చుట్టూ, వెనక పెట్టే అట్ట) వాడమని చెప్పండి, మామూలు గోధుమ అట్ట, ప్లైవుడ్ వెనక పెడితే పదేళ్ళలో కాగితం పసుపెక్కి పెళుసవుతుంది. అద్దం బొమ్మకు తగలకూడదు, మౌంటు మందం ఆ ఖాళీ ఇస్తుంది. ఫెవికాల్, సెల్లోటేపు, డబుల్‌టేపు దగ్గరికి రానీయొద్దు. పైన రెండు చోట్ల పల్చటి జపాన్ కాగితం ముక్కలు, గోధుమ స్టార్చి జిగురుతో అంటిస్తే చాలు, కావాలంటే తడిపి తీసేయొచ్చు. ఏ షాపతనైనా బొమ్మ మొత్తాన్ని బోర్డుకు అంటించి ఇస్తానంటే లేచి వచ్చేయండి, ఫ్రేములవాణ్ణి నేనే చెప్తున్నాను.

ఫ్రేము వద్దనుకుంటే అట్టపెట్టెలో బల్లపరుపుగా ఉంచి బీరువాలో మధ్య అరలో పెట్టండి, కింది అరలో చెదలు, పై అరలో వేడి. వేపాకులు వేయమంటారు పెద్దలు. పెట్టె బయట వేసుకోండి, కాగితానికి తగిలితే ఆకు మరక పడుతుంది. కలరా ఉండలు కూడా తగలనీయొద్దు. గాలి ఆడని ప్లాస్టిక్ కవర్లలో పెట్టడం కంటే కాగితం కవరు నయం. వానాకాలం అయిపోయాక ఒకసారి తీసి, పురుగు పట్టిందేమో చూసి మళ్ళీ పెట్టండి.

గోధుమరంగు చుక్కలు మీకు ఎంత ఇబ్బందిగా ఉన్నా, వాటిని బ్లీచింగ్ చేయించకండి. కొత్తగా కనిపించడం కోసం కాగితం ప్రాణం తీసే పని అది. చుక్కలున్న లిజార్స్ బొమ్మే నాకు నచ్చుతుంది, తెల్లగా ఉతికిన దాన్ని చూస్తే అనుమానం వస్తుంది.

పోల్చి చూసుకోవాలంటే బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అనే వెబ్‌సైటులో జార్డిన్ సంపుటాలు, హ్యూమ్ పుస్తకం పూర్తిగా స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. మీ సూదితోక బాతును ఆ కాపీతో పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటి రంగూ ఒకేలా ఉండదు, ఉండకూడదు కూడా. ఎక్కడెక్కడ తేడా ఉందో చూస్తే మీ కాపీకి రంగు వేసిన మనిషి అలవాట్లు కొంత తెలుస్తాయి.

ఆరోదాన్ని మాత్రం నా దగ్గరికి కాదు, హైదరాబాద్ తీసుకెళ్ళండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో కాగితం, చిత్రాల మరమ్మతు చేసే ల్యాబు ఉంది, ముందు ఉత్తరం రాసి వెళ్తే మంచిది. బస్సులో అయితే రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, ఒళ్ళో పెట్టుకుని వెళ్ళండి, పైన ర్యాకులో వద్దు. వెళ్ళేలోపు నాకు నాలుగు ఫొటోలు పంపండి. వెనకవైపు మొత్తం, కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నది, మూలన రాత దగ్గరగా, కాళ్ళ దగ్గర చారలు భూతద్దం మీద ఫోను పెట్టి తీసినవి. ఫ్లాష్ వాడకండి. రాత రంగు కింద ఉందో పైన ఉందో కనిపిస్తే, దాని గురించి మళ్ళీ రాస్తాను.